చెయ్యి పెట్టేవాడి దగ్గరే తాళం

మొక్కజొన్న ఒలిచే రోజుల్లో దుమ్ముగూడెం మండలంలో ఏ కల్లం దగ్గరికి వెళ్లినా ఒకే హడావుడి. ట్రాక్టర్ ఆగకుండా నడుస్తుంటుంది. దాని వెనక మిషన్ హోరు. ఒకరు తట్టలతో కంకులు అందిస్తుంటే, ఇంకొకరు వాటిని మిషన్ నోట్లోకి తోస్తుంటారు. కంకులు అడ్డుపడి మిషన్ మూలిగినప్పుడల్లా ఆ తోసే మనిషి చెయ్యి ఒక్క క్షణం లోపలికి వెళ్లి వస్తుంది. అది తిరిగి వచ్చినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. రానినాడు ఊరంతా పరుగెత్తుకొస్తుంది.

అప్పుడు అందరూ అనే మాట ఒకటుంది: "చూసుకోవద్దా?" గాయపడ్డవాడు కూడా ఆ మాటే అనుకుని తప్పంతా తన నెత్తిన వేసుకుంటాడు. కానీ చెయ్యి పోవడానికి అజాగ్రత్త ఒక్కటే కారణమైతే, దేశంలో ఏ మూల చూసినా ఇవే మిషన్ల దగ్గర, ఇదే తీరుగా వేళ్లు ఎందుకు పోతున్నాయి? ఆ కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం. కారణం తెలిస్తేనే కాపాడుకునే దారి తెలుస్తుంది.

మన మన్యంలో ఇంత మిషన్ల ప్రమాదం ఎక్కడిది?

ఒకప్పుడు ఇక్కడ బరువులు మోసింది మనుషుల రెక్కలు, ఎడ్ల బండ్లు, గోదావరి పడవలు. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టింది కూడా పడవలు రాళ్ల అడ్డు దాటి ఎగువకు పోయేలా చేయాలనే. ఇవాళ ఆ మోతంతా మిషన్ల మీద పడింది. జామాయిల్ కర్ర లారీల్లో సారపాక కాగితం మిల్లుకు పోతుంది. మణుగూరు బొగ్గు బెల్టుల మీద సాగుతుంది. వడ్లు రైస్ మిల్లులో బకెట్ ఎలివేటర్ ఎక్కుతాయి. ఊళ్లో ట్రాక్టర్ తొట్టి హైడ్రాలిక్‌తో లేచి ఇసుకను, ఎరువును కుమ్మరిస్తుంది. మోటారు పెద్దదైనా చిన్నదైనా, సరుకును ఎత్తడం, లాగడం, తోయడం, ఒలవడం దాని పని. ఆ సరుకును మిషన్‌కు అందించేది మాత్రం ఇప్పటికీ మనిషి చెయ్యే.

ఫ్యాక్టరీలో అయితే ఒక ఇంజనీరు ఉంటాడు, తనిఖీకి వచ్చే అధికారి ఉంటాడు, గోడ మీద బోర్డు ఉంటుంది. కల్లంలో అవేవీ ఉండవు. మిషన్ అద్దెకు వస్తుంది, కూలీలు గుత్తకు వస్తారు, రెండో రోజుకి ఇద్దరూ ఇంకో ఊరు పోతారు. మన దగ్గర ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఇలాంటి చోటే.

ఒంట్లో ఇన్ని భాగాలుండగా చెయ్యే ఎందుకు?

చెయ్యి అన్నిటికంటే ముందు వెళుతుంది గనుక. అడ్డం పడిన కంకిని తీసేది, జారిన బెల్టును సర్దేది, గొలుసును హుక్‌కు తగిలించేది, బస్తాను పట్టుకునేది అదే. ఒక చేతిలో 27 ఎముకలుంటాయి. అందులో 14 వేళ్లలోనివే. వేళ్లను కదిలించే కండరాలు వేళ్లలో ఉండవు. అవి అరచేతిలో, ముంజేతిలో ఉండి, సన్నని తాళ్లలాంటి స్నాయువులతో వేళ్లను లాగుతాయి. అంత చిన్న చోట అంత పని చేయగలిగే అమరిక అరుదు. దాన్ని తిరిగి అతకడం అంత కష్టం కావడానికి కారణం కూడా అదే.

కత్తి తగిలితే వేలు నున్నగా తెగుతుంది. మిషన్ అలా కొయ్యదు, లాగుతుంది. లాగినప్పుడు వేలితో పాటు ముంజేతి లోపలి నుంచి స్నాయువు కూడా ఊడి వస్తుంది. రక్తనాళాలు, నరాలు సాగి చాలా దూరం దాకా చిట్లుతాయి. మిషన్ గాయాన్ని డాక్టర్లు కత్తి గాయంలా బాగుచేయలేకపోవడానికి ఇదే కారణం.

మిషన్ చేతిని ఎలా లాక్కుంటుంది?

నాలుగు రకాలుగా. ఈ నాలుగూ గుర్తుంటే ఏ కొత్త మిషన్ దగ్గరైనా ప్రమాదం ఎక్కడుందో మీరే చూపించగలరు.

మొదటిది చుట్టుకోవడం. ట్రాక్టర్ వెనక మిషన్‌ను తిప్పే షాఫ్ట్, అంటే పీటీవో, సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 సార్లు. ఆ షాఫ్ట్ చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అనుకుంటే, సెకనులో 180 సెంటీమీటర్ల గుడ్డను చుట్టేసుకుంటుంది. మీటరు పొడవు చీర కొంగు సుమారు అర సెకనులో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చేది చెయ్యే. షాఫ్ట్ నున్నగా ఉంది కదా అనుకోవద్దు. ఒక బోల్టు తల, ఎండిన బురద, చిన్న గరుకు చాలు, దారం పోగు పట్టుకోవడానికి.

రెండోది కొరకడం. బెల్టు పుల్లీ మీదికి ఎక్కే చోట, రెండు రోలర్లు ఎదురెదురుగా లోపలికి తిరిగే చోట, చైన్ పళ్ల చక్రాన్ని కలిసే చోట ఒక సందు ఉంటుంది. ఆ సందులోకి ఏది పోయినా లోపలికే పోతుంది, బయటికి రాదు. బెల్టు వదిలి వెళ్లే వైపు అంత ప్రమాదం ఉండదు, ఎక్కే వైపే ప్రాణం తీస్తుంది. అందుకే ఏ బెల్టు దగ్గరైనా ముందు చూసుకోవాల్సింది అది ఎటు తిరుగుతోందన్నది. గనుల్లో, మిల్లుల్లో బెల్టు కింద రాలిన బొగ్గునో గింజలనో బెల్టు నడుస్తుండగానే పారతోనో చీపురుతోనో ఎత్తడం ఈ కారణంగానే అపాయం. పారను బెల్టు అందుకుంటే, పార పట్టుకున్న చెయ్యి వదిలేలోపే అది కూడా లోపలికి పోతుంది.

మూడోది నలపడం. క్రేన్ గొలుసు బిగిసే ముందు బరువుకీ గొలుసుకీ మధ్య వేళ్లు. లేచిన తొట్టికీ ట్రాక్టర్ చట్రానికీ మధ్య చెయ్యి. లారీ మీద దొర్లిన జామాయిల్ దుంగల మధ్య అరచెయ్యి. ఇక్కడ వేగం తక్కువే, కానీ బరువు టన్నుల్లో ఉంటుంది. మెల్లగా కదిలేది ప్రమాదం కాదనుకోవడమే ఇక్కడ కొంప ముంచుతుంది.

నాలుగోది చాలామందికి తెలియనిది: నూనె పొడవడం. హైడ్రాలిక్ గొట్టంలో నూనె చాలా ఒత్తిడి మీద ఉంటుంది. గొట్టానికి సూది మొన అంత చిల్లు పడితే, అందులోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గుర్తే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. కానీ లోపల ఆ నూనె కండను చంపేస్తూ పోతుంది. రేపు చూద్దాంలే అనుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చు. కాబట్టి కారుతున్న గొట్టాన్ని ఎప్పుడూ చేత్తో తడమకండి. ఒక అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎప్పుడైనా నూనె గుచ్చుకుంటే ఆ రోజే ఆసుపత్రికి పోయి "హైడ్రాలిక్ నూనె చర్మంలోకి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు దాన్ని మామూలు గాయంగా చూడడు.

చెయ్యి పట్టుకుందని తెలియగానే వెనక్కి లాక్కోలేమా?

లేము. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. అది కూడా సిద్ధంగా, ఆ పని మీదే మనసు పెట్టి ఉన్నప్పుడు. అలసి, ధూళిలో, పక్కవాళ్లతో మాట్లాడుతూ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే బెల్టు ఆ పావు సెకనులోనే అర మీటరు కదులుతుంది. అంటే వేలి కొస నుంచి మోచేతి దాకా. మీకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఇక బలం సంగతి. రోజంతా పనిచేసే మనిషి నిలకడగా ఇవ్వగలిగే శక్తి సుమారు హార్స్‌పవర్‌లో పదో వంతు. 35 హార్స్‌పవర్ల ట్రాక్టర్ అంటే 350 మంది ఒకేసారి ఒక తాడు పట్టుకుని లాగినట్టు. ఆ తాడుకు రెండో కొసన ఉన్నది మీ ఒక్క చెయ్యి. బలవంతుడైనా బక్కవాడైనా ఇక్కడ తేడా ఏమీ ఉండదు.

అనుభవం ఉన్నవాళ్లకు కూడా ఇలా ఎందుకు జరుగుతుంది?

కొత్తవాడికి భయం ఉంటుంది. మిషన్ నోటికి దూరంగా నిలబడతాడు. పాతవాడికి చేతులు పనికి అలవాటు పడి ఉంటాయి. ఒక్కసారి చెయ్యి పెట్టి తీస్తే ఏమీ కాలేదు. రెండోసారీ ఏమీ కాలేదు. రోజుకు ఇరవై సార్లు చొప్పున నెల రోజుల సీజన్‌లో ఆరు వందల సార్లు అలా పెట్టి తీస్తే, ఏమీ కాకపోవడమే మనసులో నమ్మకంగా కూర్చుంటుంది. చెయ్యి పోవడానికి కావల్సింది మాత్రం ఒకే ఒక్కసారి. ఆరు వందల సార్లు బయటపడ్డామంటే మిషన్ మారిందని కాదు, ఆ ఒక్కసారి ఇంకా రాలేదని.

దీనికి తోడు తొందర. మిషన్ గంట లెక్కన అద్దెకు వచ్చింది. కూలీలది బస్తాకు ఇంతని గుత్త. పడమట మబ్బు పట్టింది, ఆరబోసిన పంట తడిస్తే ధర పోతుంది. అడ్డం పడ్డప్పుడల్లా ఇంజన్ ఆపి, మూత తీసి, శుభ్రం చేసి, మళ్లీ నడపాలంటే మూడు నిమిషాలు. రోజుకు పదిసార్లయితే అర గంట. ఆ అర గంట ఎవరి ఖాతాలో పడుతుందన్నది ముందే తేల్చుకోకపోతే, అది కూలి చేసేవాడి వేళ్ల మీద పడుతుంది. అందుకే కల్లం దగ్గర ప్రమాదం ఆ చేతి తప్పు కంటే ముందు, బేరం కుదుర్చుకున్నప్పుడే మొదలవుతుంది.

చేతి తొడుగులు వేసుకుంటే సరిపోదా?

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. గరుకు కర్ర మోయడానికి, ఇనుప తాడు పట్టుకోవడానికి, ముళ్లున్న సరుకు ఎత్తడానికి తొడుగులు మంచివే. కానీ తిరిగే షాఫ్ట్, రోలర్, చైన్ దగ్గర తొడుగు శత్రువవుతుంది. చర్మం ఒక్కోసారి జారి తప్పించుకుంటుంది, తొడుగు గుడ్డ మాత్రం చిక్కుకుని చేతిని లోపలికి ఈడ్చుకుపోతుంది. కదిలే భాగం దగ్గర చెయ్యి పెట్టాల్సిన అవసరమే లేకుండా చూసుకోవడం మొదటి పని. తొడుగు ఆ తర్వాతి మాట.

బట్టల విషయంలో మన ఆడవాళ్లకు మరింత ముప్పు ఉంది. మిర్చి ఏరడానికి, మొక్కజొన్న పనికి పోయేటప్పుడు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మన దగ్గర మామూలే. ఎండకు, దుమ్ముకు అది మంచిదే. కానీ గుండీ లేక వేలాడే చొక్కా చెయ్యి, జారిన కొంగు, మెడలో తువ్వాలు, విప్పి వదిలిన జడ, ఇవన్నీ షాఫ్ట్ చేతికి అందించిన తాళ్లలాంటివి. మిషన్ దగ్గరికి వచ్చేవాళ్లు చొక్కా చేతులను మణికట్టు దగ్గర బిగించి కట్టుకోవాలి, కొంగు నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. మగవాళ్లు లుంగీ, మెడలో తువ్వాలు వదిలి రావాలి. ఉంగరాలు, మణికట్టు దారాలు తీసి పక్కన పెట్టాలి. ఉంగరం చిక్కుకుంటే వేలి చర్మం మొత్తం తొడుగులా ఊడి రావచ్చు.

గార్డు ఎందుకు ఊడిపోతుంది? చట్టం ఏమీ చెప్పదా?

చట్టం చాలా కాలం నుంచే చెబుతోంది. తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. చెయ్యి చిక్కే ప్రమాదమున్న చోట, నడుస్తున్న యంత్రాన్ని స్త్రీలు, చిన్న వయసువాళ్లు శుభ్రం చేయకూడదని, నూనె వేయకూడదని కూడా అందులో ఉండేది. ఉత్తరాదిన గోధుమ నూర్పిడి మిషన్లు విరివిగా వచ్చిన రోజుల్లో వందల మంది చేతులు పోయాయి. దాంతో పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. దాని గురి ప్రధానంగా పల్లెల్లో వాడే నూర్పిడి మిషన్ల మీదే. భారతీయ ప్రమాణాలు అంతకు ముందే 1979లో నూర్పిడి మిషన్ భద్రతకు నిబంధనలు పెట్టాయి. మిషన్‌లోకి పంట వేసే గాడి కనీసం 90 సెంటీమీటర్ల పొడవుండాలి, అందులో మిషన్ వైపు 45 సెంటీమీటర్ల దాకా పైన మూత ఉండాలి. ఎందుకంటే మనిషి చెయ్యి భుజం నుంచి వేలి కొస దాకా సుమారు 70, 75 సెంటీమీటర్లు. గాడి అంత పొడవుండి, దాని లోపలి భాగం మూసి ఉంటే చెయ్యి లోపలి డ్రమ్మును తాకలేదు. మనిషి జాగ్రత్తను నమ్ముకోకుండా, చేతి పొడవునే కొలిచి పెట్టిన రక్షణ అది.

మరి ఆ మూత ఎక్కడికి పోయింది? ఒకటి, పెద్ద మోపులు వేగంగా పట్టడానికి దాన్ని కోసేస్తారు. రెండు, అడ్డం పడితే తీయడానికి మూత అడ్డమని విప్పి కల్లం మూలన పడేస్తారు. మూడు, కొన్న ఏడాదిలోనే బోల్టులు అరిగిపోతే మళ్లీ ఎవరూ బిగించరు. పీటీవో షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగుదీ ఇదే కథ. పగిలిన చిన్న సామాను మార్చకుండా చెయ్యినే పణంగా పెడుతున్నాం.

మిషన్ అద్దెకు తీసుకునే రైతు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "దీని గార్డులన్నీ ఉన్నాయా?" లేకపోతే ఆ మిషన్ వద్దని చెప్పే హక్కు మీకుంది. ఊళ్లో నలుగురు రైతులు కలిసి ఆ మాట అంటే, అద్దెకిచ్చేవాళ్లు గార్డు బిగించుకునే వస్తారు.

ఇంజన్ ఆపితే చాలా?

చాలదు. నూర్పిడి మిషన్ డ్రమ్ము, దాని బరువైన చక్రం ఇంజన్ ఆగాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటాయి. ఏటవాలు బెల్టు మీద సరుకు ఉంటే ఆ బరువుకే అది వెనక్కి జారవచ్చు. అడ్డం పడిన మిషన్‌లో శక్తి నొక్కి పెట్టిన స్ప్రింగులా నిలిచి ఉంటుంది. అడ్డం తీయగానే డ్రమ్ము ఒక్క ఉదుటున తిరుగుతుంది. లేచి ఉన్న తొట్టి కిందికి చెయ్యి పెడితే, గొట్టం తెగడమో, ఎవరో పొరపాటున లివర్ కదపడమో చాలు. అందుకే తొట్టి కింద గట్టి దిమ్మె ఆనించకుండా చెయ్యి పెట్టకూడదు. ఆగిందని చెవి చెబితే సరిపోదు. పూర్తిగా ఆగిందని కళ్లతో చూడాలి.

చేతులు పోయే సందర్భం ఇంకొకటి ఉంది. ఒకరు మిషన్ లోపల చెయ్యి పెట్టి శుభ్రం చేస్తుంటారు. ఇంకొకరు, అటువైపు ట్రాక్టర్ దగ్గర ఉన్నవాళ్లు, సిద్ధమైందనుకుని ఇంజన్ నడుపుతారు. అందులో ఇద్దరి తప్పూ లేదు. హోరులో మాట వినబడలేదు, అంతే. పక్క మండలం చర్ల దిక్కున ఛత్తీస్‌గఢ్ నుంచి కూలికి వచ్చేవాళ్లకు కొందరికి తెలుగే రాదు. "ఆపు" అని అరిచినా వాళ్లకు అర్థం కాకపోవచ్చు.

దీనికి ఉన్న నియమం చాలా చిన్నది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో, గనుల్లో, పవర్ ప్లాంట్లలో దీన్ని పాటిస్తారు. స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళం చెవిని లోపల పనిచేసే మనిషి తన దగ్గరే ఉంచుకుంటాడు. బయటికి వచ్చాక అతనే తీస్తాడు. కల్లంలో దాన్ని ఇలా పెట్టుకుందాం: మిషన్‌లో చెయ్యి పెట్టేవాడు ట్రాక్టర్ తాళం తీసి తన జేబులో వేసుకోవాలి. డ్రైవర్ అయినా సరే, యజమాని అయినా సరే, ఆ తాళం ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. కరెంటు మోటారైతే మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలి. తాళం అతని జేబులో ఉన్నంతసేపూ ఆ మిషన్ నడిచే దారి లేదు.

"మామా, తాళం నా దగ్గరుంది, నేను చెప్పేదాకా ఆగు" అని కూలి చేసేవాడు అనగలగాలి. యజమాని దానికి చిన్నబుచ్చుకోకూడదు. ఈ ఒక్క పద్ధతికి రూపాయి ఖర్చు లేదు.

బెల్టుల పొడవునా, గనుల్లో ఉన్నట్టు, లాగితే ఆగే తాడు ఉండాలి. ఆ తాడు తెగి ఉంటే బెల్టును నడపకూడదు. పని మొదలుపెట్టే ముందే ఆగమనడానికి ఒక చేతి సైగను అందరూ ఒప్పుకోవాలి. క్రేన్ లేదా లోడర్ దగ్గర ఒక్క మనిషే సైగ ఇవ్వాలి. ఊగే బరువును చేత్తో పట్టకుండా, దానికి కట్టిన పొడుగాటి తాడుతో దూరం నుంచే నిలపాలి. మిషన్ చుట్టూ పిల్లల్ని రానివ్వకూడదు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ప్రమాదం జరిగితే?

ముందు మిషన్ ఆపండి, తాళం తీయండి. చెయ్యి ఇంకా లోపలే ఉంటే మిషన్‌ను వెనక్కి తిప్పి లాగకండి. బెల్టు వదులు చేసి, బోల్టులు విప్పి, మెల్లగా బయటికి తీయాలి. లేదంటే గాయం రెండింతలవుతుంది.

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా ఒత్తి పట్టుకోండి, చెయ్యిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. చాలా గాయాల్లో ఒత్తిడే రక్తాన్ని ఆపుతుంది. ముంజెయ్యి మొత్తం తెగి, ఒత్తినా రక్తం చిమ్ముతూనే ఉంటే, గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన సమయం రాసుకోండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, ఆకు పసర్లు పెట్టకండి. అవి గాయంలోకి మురికిని చేరుస్తాయి, డాక్టరుకు లోపలి నాళాలు కనబడకుండా చేస్తాయి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

తెగిన వేలు దొరికితే దాన్ని పారేయకండి. 1965లో జపాన్‌లో తెగిన బొటనవేలిని సర్జన్లు మైక్రోస్కోప్ కింద అతికించి మళ్లీ పనిచేయించారు. అప్పటి నుంచి ఈ వైద్యం ఎంతో ముందుకు వచ్చింది. దాన్ని తీసుకెళ్లే పద్ధతి మాత్రం తెలిసుండాలి. వేలిని శుభ్రమైన నీటితో మెల్లగా కడగాలి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. పొడి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టాలి. ఆ సంచిని ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ఉంచాలి. ఐసు కూల్‌డ్రింక్ దుకాణంలో, చేపలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. వేలు నేరుగా ఐసును తాకకూడదు, తాకితే గడ్డకట్టి పాడవుతుంది. నేరుగా నీళ్లలో నానకూడదు. వేళ్లలో కండరం లేదు కాబట్టి ఇలా చల్లగా ఉంచిన వేలు గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాకా కూడా అతికించే స్థితిలో ఉంటుంది. ముంజెయ్యి అలా కాదు. అందులో కండరం ఉంది గనుక కొన్ని గంటలే వ్యవధి.

108 అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం ఏరియా ఆసుపత్రికి దాదాపు పాతిక కిలోమీటర్లు. అక్కడ రక్తం ఆపి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి, మనిషిని నిలబెడతారు. వేలు అతికించే సర్జన్లు మాత్రం పెద్ద నగరాల్లో ఉంటారు, హైదరాబాద్ ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైన. అందుకే భద్రాచలం చేరుతుండగానే, ఎక్కడికి పంపాలో అడిగి, ఆ ఆసుపత్రికి ముందుగానే ఫోన్ చేయించండి. దారిలో పోయే గంట కంటే, ఎక్కడికి పోవాలో తెలియక పోయే గంటలే ఎక్కువ నష్టం చేస్తాయి.

పోయిన వేలికి పరిహారం ఉంటుందా?

ఉంటుంది, అదీ ఫ్యాక్టరీ వాళ్లకే కాదు. 1923 నాటి కార్మికుల పరిహార చట్టం ట్రాక్టర్లు, ఇంజన్లు, కరెంటు మిషన్లతో సేద్యంలో పనిచేసేవాళ్లకు కూడా వర్తించింది. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఏ వేలికి ఎంత శాతం సంపాదన శక్తి పోయినట్టో లెక్కగట్టిన పట్టిక అందులోనూ కొనసాగుతోంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తానికి 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికి గానీ చిటికెన వేలికి గానీ 7, ఒకే చేతి నాలుగు వేళ్లు పోతే 50. బొటనవేలికి అంత విలువ ఎందుకు? మిగతా నాలుగు వేళ్లూ పట్టు పట్టేది దాని ఎదురుగా నిలిచే గదా. ఏకలవ్యుడి కథ విన్న మనకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

లెక్క ఇలా ఉంటుంది. 30 ఏళ్ల మనిషి, నెల జీతం 15,000 రూపాయలుగా లెక్కకొస్తే, అందులో 60 శాతం 9,000. దాన్ని ఆ వయసుకు చట్టం ఇచ్చిన 207.98తో గుణిస్తే 18,71,820. బొటనవేలికి అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. ఈ డబ్బు దయ కాదు, హక్కు. కూలివాడి ఏమరుపాటు వల్ల జరిగిందని చెప్పి యజమాని ఈ బాధ్యతను తప్పించుకోలేడు. అయితే తాగి పనిచేసినా, కావాలని గార్డు విప్పినా ఆ హక్కు చిక్కుల్లో పడుతుంది. గార్డు ఎవరు విప్పారన్నది తేలాల్సిన విషయం. అందుకే ప్రమాదం జరిగిన రోజే మిషన్‌ను ఉన్నదున్నట్టు ఫోటో తీయించండి. ఆసుపత్రి చీటీలో "మిషన్‌లో పనిచేస్తుండగా" అని రాయించండి. పక్కన ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి. పోలీసులకు, కార్మిక శాఖ అధికారికి ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన కూలీకైనా ఈ హక్కు ఇంతే.

చివరగా ఒక మాట

రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లు మనవి. పోయిన వేలికి ఇన్ని లక్షలని చట్టం లెక్క చెప్పగలదు గానీ, పొద్దున్నే నాగలి పట్టే చెయ్యిని, పసిబిడ్డను ఎత్తుకునే చెయ్యిని ఏ ఆఫీసూ తిరిగి ఇవ్వలేదు. ప్రమాదం జరిగాక చేయగలిగేది కొంచెమే. జరగకముందు చేయగలిగేది చాలా ఉంది. అది చాలా చవక కూడా.

ఈ సీజన్‌లో మిషన్ మీ కల్లంలోకి వచ్చిన రోజు, మొదటి కంకి పడకముందే మూడు పనులు చేయండి. గార్డులు చూడండి. ఆపే సైగ అందరికీ చూపించండి. మిషన్‌లో చెయ్యి పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ తాళం ఆ చెయ్యి పెట్టే మనిషి జేబులోకి పోవాలని అందరి ముందూ చెప్పండి. దానికి పోయే మూడు నిమిషాల అద్దె రైతూ, మిషన్ యజమానీ చెరిసగం పెట్టుకోండి. ఆ మూడు నిమిషాలు ఆగిన కల్లం నుంచి సాయంత్రం అందరూ పది వేళ్లతో ఇంటికి పోతారు.